పలకల మీద ఫ్లూ జ్వరం

ఆరోగ్యశాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి, సిగ్గుపడాల్సిన కాయితాలు రెండే రాశాను. రెండూ ఒకే వారంలో రాశాను. మిగతా ఉద్యోగమంతా నేనేదో పొడిచేశానని కాదు. తక్కిన కాయితాల్లో అందరూ రాసేటంత అబద్ధమే రాశాను, దానికి ఎవరూ సిగ్గుపడరు. ఈ రెండింటి సంగతి ఇప్పుడెందుకంటే, మీ తరం వాళ్ళు కూడా ఒక మహమ్మారిని చూశారు. దాని పేరెత్తగానే మీకు గబగబా నాలుగు మాటలు గుర్తొస్తాయి. ఎప్పుడైనా ఎవరైనా ఆ మాటలు అడిగితే, వాళ్ళు వాటిని దిద్దకుండా రాసుకోవాలని నా కోరిక. నేను దిద్దాను.

యాభైల చివర్లో ఫ్లూ జ్వరం దేశాలన్నీ తిరిగి, మద్రాసు మీదుగా మా గుంటూరు జిల్లాకి వచ్చింది. ఇప్పుడు ప్రకాశంలో ఉన్న ఊళ్ళు కొన్ని అప్పుడు మా జిల్లాలోనే ఉండేవి. నాకు ఇరవైమూడేళ్ళు. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఒక పెద్ద ఊళ్ళో హెల్త్ అసిస్టెంటుని. చేరి ఎనిమిది నెలలయింది. ఒక సైకిలు, దాని హాండిలుకి ఒక సంచి, ఆ సంచిలో బ్లీచింగ్ పౌడరు డబ్బా, ధర్మామీటరు, నేనే రంగులు వేసిన రెండు పటాలు. మొదటి పటంలో ఒకాయన తుమ్ముతుంటాడు. రెండో పటంలో అదే మనిషి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తుమ్ముతుంటాడు. ఆయన మా మేనమామలా ఉన్నాడని ఇంట్లో పెద్ద గొడవైంది గానీ, ఆ పటాలంటే నాకు చెప్పలేనంత గర్వం.

జ్వరం వచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సోమవారం వీధిలో ఒకరు మంచం ఎక్కితే గురువారానికి ఆ వీధంతా మంచాల మీదే. చాలామంది మూడు నాలుగు రోజుల్లో లేచి కూచునేవాళ్ళు. ముసలివాళ్ళూ, ఒంట్లో సత్తువ లేనివాళ్ళూ కొందరు లేవలేదు. బడులు తెరిచిన వారానికే మళ్ళీ పది రోజులు మూసేశారు. ఊరి చివర మిరపకాయల గొడౌను కూడా మూతపడింది. కూలివాళ్ళ మీద జాలితో కాదు లెండి, గుమాస్తాకే జ్వరం తగిలింది.

ఆ గొడౌను గురించి కాస్త చెప్పాలి. రైతుల దగ్గర కొన్న ఎండుమిరపకాయలు అక్కడికి వచ్చేవి. పెద్ద రేకుల షెడ్డులో నలభై మంది దాకా ఆడవాళ్ళు వరసగా కూచుని కాయలకున్న ముచ్చికలు, అంటే తొడిమలు, తీసేవాళ్ళు. తెల్లబడిన తాలుకాయల్ని ఏరి పక్కన పోసేవాళ్ళు. చాలామంది ఊరి పక్కనున్న పల్లెలోని క్రైస్తవ కుటుంబాల వాళ్ళు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఇంటికి వెళ్ళాక చేతులు మజ్జిగతో కడిగినా, ఆముదం రాసినా మంట పోయేది కాదు. ఆ చేతులతో పొరపాటున కన్ను తుడుచుకుంటే ఇక చూడక్కర్లేదు.

మా పై అధికారి ఒక డాక్టరమ్మగారు. పొన్నూరు వైపు మనిషి, వరిచేలలో పుట్టి పెరిగింది. మిరపకాయల సంగతి ఆమెకి పచ్చళ్ళ వరకే తెలుసు. మాట మెత్తన, చూపు పదును. జ్వరం కాస్త తగ్గుముఖం పట్టి, బడీ గొడౌనూ తెరవబోతుండగా నన్ను పిలిచి రెండు పనులు చెప్పింది.

"గొడౌను తెరిచే ముందు వాళ్ళని చూసి రండి. ఎవరికీ జ్వరం లేదని నమ్మకం కుదిరితేనే సంతకం పెట్టండి. రెండోది, మన బడుల కోసం ఒక కరపత్రం వేయిద్దామనుకుంటున్నాను. మనం చెప్పేది తర్వాత. పిల్లల బుర్రలో ఇప్పటికే ఏముందో ముందు చూద్దాం. ఫ్లూ అనండి. అనగానే తోచిన మాటలు రాయమనండి. మీరు ఏమీ అందించొద్దు, దిద్దొద్దు. ఉన్నదున్నట్టు రాసుకురండి."

మొదటి పని సోమవారం చేశాను. చేశానని అనుకున్నాను. నేను వెళ్ళేసరికే షెడ్డులో పని మొదలైపోయింది. గుమ్మంలో కాలు పెట్టగానే ఘాటు గొంతులో పడి దగ్గు తన్నుకొచ్చింది. లోపల నలభై మందీ దగ్గుతున్నారు. గుమాస్తా దగ్గుతున్నాడు. బస్తాలు మోసేవాళ్ళు దగ్గుతున్నారు. నేను కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "అందరూ దగ్గుతున్నారేమిటండీ?" అన్నాను.

గుమాస్తా నవ్వాడు. "భలేవారే. మీరు మిరపకాయల ఇంట్లో పుట్టినాయన, మీకు నేను చెప్పాలా? ఘాటుకి దగ్గకపోతే ఏం జేస్తారు? వానలు పడితే సరుకు తేమ పట్టుద్ది, రంగు పోద్ది. ఆ కాయితం ఇట్టా ఇయ్యండి, సంతకం పెట్టి మజ్జిగ తాగి పోదురుగాని."

నిజమే, నేను మిరపకాయల ఇంట్లోనే పుట్టాను. మా ఇంట్లో మాఘమాసం నుంచి వైశాఖం దాకా దగ్గని మనిషి లేడు. మా వైపు దగ్గుని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. వేరే ప్రాంతం వాడైతే భయపడి ఒక్కొక్కరినీ పరీక్ష చేసేవాడు. నాకు ఆ భయం లేకపోయింది. అయినా పెద్ద ఆసామీలా "ఎవరికైనా జ్వరం ఉందా?" అని గట్టిగా అడిగాను. నలభై తలలూ అడ్డంగా ఊగాయి. పది రోజులుగా పని లేని మనుషులు. జ్వరం ఉందని చెబితే ఇంటికి పంపేస్తారని వాళ్ళకి తెలుసు. సంచిలోంచి ధర్మామీటరు తీయకుండానే, "షెడ్డులో జ్వరపీడితులు ఎవరూ లేరు" అని రాసి సంతకం పెట్టాను. మజ్జిగ కూడా తాగాను, అల్లం బాగా దంచి వేశారు. అది మొదటి కాయితం.

మర్నాడు బడికి వెళ్ళాను. మిషన్ వాళ్ళ ప్రాథమిక పాఠశాల. పెద్ద మేస్టారు యాభై దాటిన మనిషి, నన్ను బాబూ అనేవాడు. ఆదివారం చర్చిలో గంట కొట్టేదీ, మిగతా రోజులు బడి గంట కొట్టేదీ ఆయనే. రెండు గంటలూ ఒకటేలా మోగుతాయని పిల్లలు ఆదివారం కూడా పలకలు పట్టుకొస్తారని నవ్వేవాడు.

పిల్లల్ని కూచోబెట్టి, నా పటాలు సంచిలోనే ఉంచి, "ఫ్లూ జ్వరం అనగానే మీకేం గుర్తొస్తే అది రాయండి" అన్నాను. బలపాలు కిచకిచలాడాయి. కాసేపటికి పలకలు పైకెత్తమని ఒక్కొక్కటీ నోటుబుక్కులోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టాను.

అయిదారు పలకలు అయ్యేసరికి నాకు నీరసం వచ్చింది. "సెలవు" అని దాదాపు అందరూ రాశారు. తర్వాత "బన్ను రొట్టె". ఆ రోజుల్లో మా ఊళ్ళలో రొట్టె అనేది జ్వరం వస్తేనే కొనేవాళ్ళు. "బార్లీ", "గోలీసోడా", "మిరియాల చారు". ఒకడు "నాయన ఇంట్లో ఉన్నాడు" అని రాశాడు. వాడి నాన్న లారీ క్లీనరు. ఒకడు "దుప్పటి కింద సినిమా" అని రాశాడు. అదేమిట్రా అంటే, దుప్పట్లో దూరి అన్నా తనూ సినిమా కథ చెప్పుకున్నారట. ఒక్కడంటే ఒక్కడు తుమ్ము అని రాయలేదు. రుమాలు సంగతి సరేసరి. ఇంత పెద్ద రోగం వచ్చి ఊరుని ఊపేసి పోతే, వీళ్ళకి అదేదో పండగ వచ్చి వెళ్ళినట్టుంది.

చివరి వరసలో తొమ్మిదేళ్ళ పిల్ల. ఎర్రటి రిబ్బను, నూనె ఓడుతున్న జడలు. పలక మీద ఒక్క మాటే ఉంది. "అమ్మ చెయ్యి".

"అమ్మ చెయ్యేమిటే? నేనడిగింది ఫ్లూ గురించి."

"దాని గురించే రాశానండి," అంది.

నేను మళ్ళీ అడగలేదు. నోటుబుక్కులో ఆ మాట రాసి, పక్కన "సంబంధం లేదు" అని రాశాను. ఇంకో మూడు నిమిషాలు నేను ఓపిక పట్టి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పనే ఉండేది కాదు.

ఆ సాయంత్రం కూచుని ఆ జాబితా మళ్ళీ చదివాను. డాక్టరమ్మగారు దీన్ని చూసి ఏమనుకుంటుంది? ఎనిమిది నెలలుగా పటాలు పట్టుకుని ఊరంతా తిరిగినవాడు నేర్పింది బన్ను రొట్టేనా అనుకోదూ? కొత్త ఉద్యోగం, పర్మనెంటు కావాలి. మంచి దస్తూరీతో ఫెయిర్ కాపీ రాశాను. అందులో పిల్లలందరూ తుమ్ము, దగ్గు, చేతిరుమాలు, కాచిన నీళ్ళు, విశ్రాంతి అని చక్కగా రాశారు. అది రెండో కాయితం.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం డాక్టరమ్మగారే బడికి వస్తున్నట్టు కబురొచ్చింది. గురువారమంతా పెద్ద మేస్టారూ నేనూ కలిసి పిల్లల చేత ఆ మాటలు వల్లె వేయించాం. ఆయనకి నచ్చలేదు. "ఎక్కాలు వల్లె వేయిస్తాం గానీ బాబూ, గుర్తొచ్చేవి కూడా వల్లె వేయిస్తారా?" అన్నాడు. నా మొహం చూసి, మళ్ళీ ఆయనే బెత్తం తీసుకుని మొదలుపెట్టాడు.

శుక్రవారం పొద్దున జీపు వచ్చింది. డాక్టరమ్మగారు నా ఫెయిర్ కాపీ చేతిలో పట్టుకుని కుర్చీలో కూచుంది. "మీ పిల్లలు మా ఆఫీసు సర్క్యులరు లాగా రాశారే" అంది నాతో. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మొదటి వరసలో వాణ్ణి లేపి, "ఫ్లూ అనగానే నీకేం గుర్తొస్తుంది?" అంది. వాడు కళ్ళు మూసుకుని అయిదు మాటలూ ఒక్క గుక్కలో చెప్పాడు. రెండో వాడూ అంతే. మూడో వాడు ఒకటి మర్చిపోతే పక్కవాడు అందించాడు. ఆమె తల పంకించి చివరి వరసకి చూపు తిప్పి, ఎర్ర రిబ్బను పిల్లని లేపింది.

ఆ పిల్ల నా వంక చూసింది. ఆమె వంక చూసింది. తర్వాత, నిజంగానే తెలియక అడిగింది. "మాది చెప్పాలా అండీ, సారు నేర్పింది చెప్పాలా?"

పెద్ద మేస్టారు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"మీదే చెప్పమ్మా," అంది డాక్టరమ్మగారు.

"అమ్మ చెయ్యండి."

"అంటే?"

"మా అమ్మ మిరగాయల్లో పనికి పోద్దండి. చేతులు మంటని నన్ను ముట్టుకోదు. జడ కూడా మా అమ్మమ్మే ఏసుద్ది. మొన్న నాకు జరం వచ్చినప్పుడు గొడౌను మూసేశారు గదండీ. అప్పుడు అమ్మ చేతులు చల్లబడినియ్యి. రోజంతా నా నుదురు మీదే పెట్టింది." ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది. "ఇప్పుడు మళ్ళీ తెరిచారండి. ఇప్పుడు అమ్మకే జరం. అయిదు రోజులబట్టి ఒళ్ళు కాలిపోతా ఉంది. నేను చెయ్యి పెట్టబోతే, దగ్గిరికి రామాక, మంట చేతులు అంటది."

"మీ అమ్మ ఇప్పుడెక్కడుంది?"

"గొడౌన్లో అండి. పనికి బోయింది."

డాక్టరమ్మగారు నా ఫెయిర్ కాపీని మడిచి బల్ల మీద పెట్టింది. ఆ షెడ్డులో జ్వరం ఎవరికీ లేదని నేను సంతకం పెట్టిన కాయితం అప్పటికే ఆమె ఫైల్లో ఉంది. లేచి జీపు వైపు నడిచింది. వెనకాలే నేను.

జీపులో నేనే నోరు విప్పాను. "ధర్మామీటరు తీయలేదండి. అందరూ దగ్గుతుంటే ఘాటు అనుకున్నాను."

"ఎందుకనుకున్నారు?"

"నేను కూడా దగ్గుతున్నానండి."

ఆమె మొహంలో కోపం ఉందో జాలి ఉందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

షెడ్డులో గుమాస్తా మళ్ళీ ఘాటు పాటే పాడాడు. ఆమె వినలేదు. నలభై మందినీ బయటికి రమ్మని, బండ్లు నిలిపే పాక కింద గాలికి కూచోబెట్టి, అందరి చేతా మంచినీళ్ళు తాగించింది. చేతి గడియారం చూస్తూ అరగంట ఊరికే కూచుంది. గుమాస్తా అటూ ఇటూ తిరిగాడు. అరగంటయ్యేసరికి చాలామందికి దగ్గు సద్దుమణిగింది. తొమ్మిది మందికి ఆగలేదు. అంతే, అంత చిన్న పరీక్ష. మిరపకాయల గురించి పచ్చళ్ళకి మించి తెలియని మనిషికి తోచింది, మిరపకాయల్లో పుట్టిన నాకు తోచలేదు. ఆ తొమ్మిది మందికీ ధర్మామీటరు పెట్టింది నేనే. తొమ్మిది మందికీ జ్వరం ఉంది.

ఆ పిల్ల తల్లి అందరికంటే వెనక, గోడకి ఆనుకుని కూచుంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. "నాకేం లేదమ్మగారూ, ఇది ఘాటే," అంటూనే ఒక పక్కకి ఒరిగింది. డాక్టరమ్మగారు స్టెతస్కోపు పెట్టి చూసి, ఎడమవైపు ఊపిరితిత్తికి నెమ్ము పట్టిందనీ, ఇంకో రెండు రోజులు ఇలాగే వదిలితే దక్కేది కాదనీ చెప్పింది. జీపులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్కించేటప్పుడు ఆ తల్లి నన్ను అడిగింది. "మా పిల్ల చెప్పిందాండీ?" నేను అవునన్నాను. "దానికి నోరెక్కువ," అని కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మగారి ఉత్తరువుతో గొడౌను మళ్ళీ మూతపడింది. పల్లెలో పొయ్యిలు మళ్ళీ నీరసించాయి. ఆడవాళ్ళ కోపం ఎటు పోవాలి? నా మీదికి రావాలి, కానీ నేను ప్యాంటు వేసుకున్న ఉద్యోగిని. అది ఆ పిల్ల మీదికి పోయింది. నీళ్ళ దగ్గర ఒకామె, "నువ్వు నోరు మూసుకుంటే మీ అమ్మ నీ కాడే ఉండేది గదే, మా పనీ ఉండేది," అంటుంటే నా చెవులారా విన్నాను. విని, సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాను. ఉద్యోగంలో చేసిన పొరపాట్లకంటే ఆ రోజు సైకిలు ఆపకపోవడమే నన్ను ఎక్కువ కాలం పీడించింది.

వారం తిరక్కుండా పెద్ద మేస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఆ పిల్ల పలక తీయడం లేదు బాబూ. ఎంత బతిమాలినా రాయదు. నిన్న నన్నొకటి అడిగింది. ఆ మాట రాయకపోతే అమ్మ ఇంట్లోనే ఉండేదాండీ అని. నేనేం చెప్పాలి?"

ఆయన అడిగింది ప్రశ్న కాదని నాకు తెలుసు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన నాకు రెండు నిమిషాలు ఇప్పించాడు. అది నా మతం కాదు, నా చోటు కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అక్కడే నిలబడి చెప్పాను. షెడ్డులో ఎవరికీ జ్వరం లేదని సంతకం పెట్టింది నేను. చూడకుండా పెట్టాను. ఆ రోజే సరిగ్గా చూసి ఉంటే జబ్బుపడ్డవాళ్ళు మాత్రమే ఇంటికి వెళ్ళేవాళ్ళు, షెడ్డు మూతపడేది కాదు, ఆ పిల్ల తల్లి ఆసుపత్రి దాకా వెళ్ళేది కాదు. ఆ పిల్ల మంగళవారమే చెప్పింది, నేను వినలేదు. తప్పు నాది. ఇంతే చెప్పాను.

నీళ్ళ దగ్గర మాట అన్న ఆవిడ బయటికి వస్తూ ఆ పిల్ల జడ సరిచేసి వెళ్ళింది.

డాక్టరమ్మగారు నాకు మెమో ఇచ్చింది. ఇస్తూ, "మొదట రాసుకున్న జాబితా ఉందా, చింపేశారా?" అంది. ఉందన్నాను. తెమ్మని తీసుకుని, "సంబంధం లేదు" దగ్గర చాలాసేపు ఆగింది. కరపత్రంలో తుమ్ములూ రుమాళ్ళూ రానే వచ్చాయి. వాటితోపాటు, ఘాటులో పనిచేసేవాళ్ళు దగ్గితే అరగంట గాలికి కూచోబెట్టి చూడాలని ఒక ముక్క చేరింది. దాని కింద ఎవరి పేరూ లేదు. ఉండాల్సింది ఆ పిల్ల పేరు.

తల్లిని ఆసుపత్రిలో చేర్చిన పన్నెండో రోజున ఆ పిల్లని వెంటబెట్టుకుని గుంటూరు బస్సు ఎక్కాను. దారి పొడుగునా పిల్ల చేతిలో అమ్మమ్మ ఇచ్చిన మూట పట్టుకుని కూచుంది. వార్డులో తల్లి దిండుకి ఆనుకుని కూచుని ఉంది. చిక్కి సగమైంది గానీ కళ్ళలో వెలుగు వచ్చింది. పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల్లి కొడుతుందేమోనని భయపడిందేమో.

"రావే," అంది తల్లి. అంటూనే రెండు చేతులూ దుప్పటి కిందికి దాచుకుంది. అలవాటు.

పిల్ల మంచం దగ్గరికి వెళ్ళి, "ఇన్ని రోజులూ నువ్వు కాయలు ముట్టుకోలేదుగా అమ్మా," అంది.

తల్లి దుప్పటి కిందినుంచి చేతులు తీసి, అవి ఎవరివో అన్నట్టు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తర్వాత కుడిచెయ్యి పిల్ల నుదుటి మీద ఆనించింది. "మళ్ళీ ఒళ్ళేమన్నా కాలతా ఉందా ఏందే నీకు, ఇట్టా చిక్కిపోయావు?"

"నాకు జరం లేదమ్మా," అంది పిల్ల. "అయినా అట్టాగే ఉంచు."